స్మార్ట్ ఇంటికి మ్యాటర్ ముందా, వర్క్‌ఫ్లో ఆటోమేషన్ ముందా?

స్మార్ట్ బల్బు పెట్టె మీద మూడు బాణాల మ్యాటర్ గుర్తు ఉంటుంది. వేర్వేరు కంపెనీల ఇంటి పరికరాలు కలిసి పనిచేయడానికి పెట్టుకున్న ఉమ్మడి ప్రమాణం అది. మరోవైపు ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n), నోడ్‌రెడ్ (Node-RED) లాంటి వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్‌తో, అంటే పనులను గొలుసుగా కలిపి వాటంతటవే జరిగేలా చేసేవాటితో, ఇంటినంతా నడిపిస్తున్నామని చెప్పేవాళ్లు ఉంటారు. ఇద్దరూ చెప్పేది ఒకటే: "అన్నిటినీ కలుపుతాం". దాంతో ఒకటి తీసుకుంటే రెండోది అక్కర్లేదేమో అనిపిస్తుంది.

ఈ రెండూ ఒకే పని చేసేవి కావు. పరికరం ఏ భాషలో మాట్లాడాలో మ్యాటర్ చెబుతుంది. ఎప్పుడు మాట్లాడాలో చెప్పదు. ఎప్పుడు, ఏ షరతు మీద, ఏ వరుసలో ఏం జరగాలో వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. కానీ బల్బుతో నేరుగా మాట్లాడటం దానికి చాతకాదు. మధ్యలో భాష తెలిసినవాడు లేకపోతే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయినా ఎంపిక అన్న ప్రశ్న మాత్రం నిజమైనదే. డబ్బు, తీరిక ముందు దేని మీద పెట్టాలో తేల్చుకోక తప్పదు. తప్పు వైపు నుంచి మొదలుపెట్టినవాళ్లు ఆరు నెలల తర్వాత మళ్లీ మొదటికే వస్తారు.

## ముందు కాగితం మీద నాలుగు వాక్యాలు

మీకు కావలసిన పనులను "ఫలానాది జరిగితే ఫలానాది జరగాలి" అన్న రూపంలో రాయండి. ఇప్పుడు ప్రతి వాక్యానికీ రెండు కొసలు ఎక్కడున్నాయో చూడండి.

- "నడవాలో ఎవరైనా కదిలితే లైటు వెలగాలి." రెండు కొసలూ ఇంట్లోనే ఉన్నాయి. ఇది మ్యాటర్ పని.
- "వాషింగ్ మెషీన్ ఆగగానే కుటుంబం టెలిగ్రామ్ గ్రూపులో మెసేజ్ పడాలి." ఒక కొస ఇంట్లో, ఇంకోటి బయట. రెండూ కావాలి.
- "రోజూ రాత్రి కరెంటు వాడకం లెక్క గూగుల్ షీట్‌లో చేరాలి." ఇదీ అంతే.
- "ఫారమ్‌లో కొత్త ఎంట్రీ రాగానే ఈమెయిల్ వెళ్లి, పనుల జాబితాలో ఒక వరుస చేరాలి." రెండు కొసలూ బయటే. మ్యాటర్‌కు దీంతో సంబంధం లేదు. వర్క్‌ఫ్లో మాత్రమే చాలు.

మీ జాబితాలో ఏ రకం వాక్యాలు ఎక్కువగా ఉంటే అటువైపు నుంచి మొదలుపెట్టండి. కొందరి జాబితాలో అన్నీ మొదటి రకమే ఉంటాయి. వాళ్లు వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు. ఫోన్‌లో ఉన్న హోమ్ యాప్ సరిపోతుంది.

## దేన్ని బట్టి తూచాలి

ధర కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. స్విచ్ నొక్కిన తర్వాత ఎంతసేపటికి పని జరుగుతుంది? ఇంటర్నెట్ పోతే ఏమవుతుంది? పాడైతే ఇంట్లో ఎవరు బాగుచేయగలరు? మూడో ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. కింది పట్టికలో హబ్ అంటే ఇంటి పరికరాలన్నిటినీ నడిపించే పెట్టె, క్లౌడ్ అంటే కంపెనీ సర్వర్ మీద నడిచేది.

| చూడాల్సింది | మ్యాటర్, ఒక హబ్ | క్లౌడ్ వర్క్‌ఫ్లో | సొంత సర్వర్ మీద వర్క్‌ఫ్లో |
|---|---|---|---|
| స్పందన | దాదాపు వెంటనే | కొన్ని సెకన్ల నుంచి నిమిషాల వరకు | పరికరాన్ని ఎలా కలిపారన్న దాని మీద ఆధారం |
| ఇంటర్నెట్ పోతే | ఇంట్లోంచి నియంత్రణ సాధారణంగా ఆగదు | మొత్తం ఆగుతుంది | ఇంటి లోపలి పని సాగుతుంది, బయటి పని ఆగుతుంది |
| ఖర్చు తీరు | పరికరాలకు ఒకసారి | నెలనెలా, వాడకాన్ని బట్టి | చిన్న కంప్యూటర్, కరెంటు, మీ సమయం |
| షరతుల లోతు | యాప్ ఇచ్చినంతే | మధ్యస్థం | దాదాపు హద్దు లేదు |
| బయటి యాప్‌లతో | దాదాపు లేదు | వేలల్లో | వందల్లో, మిగతావి ఏపీఐ (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారా |
| నిర్వహణ | తక్కువ | చాలా తక్కువ | మీదే |

## మ్యాటర్: ఏమిస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది

అమెజాన్, ఆపిల్, గూగుల్, జిగ్బీ అనే వైర్‌లెస్ ప్రమాణాన్ని చూసుకునే అప్పటి జిగ్బీ అలయన్స్ కలిసి 2019 డిసెంబరులో ఈ ప్రయత్నాన్ని ప్రకటించాయి. జిగ్బీ అలయన్స్ 2021లో కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్‌గా పేరు మార్చుకుంది. మ్యాటర్ 1.0 వచ్చింది 2022 అక్టోబరులో. ఒకే పరికరాన్ని వేర్వేరు కంపెనీల యాప్‌ల నుంచి, ఇంటి నెట్‌వర్క్ లోపలే నడిపించుకోవచ్చు అన్నది దాని మూల సూత్రం.

మ్యాటర్ పరికరం కొనేటప్పుడు పెట్టె మీద ఇంకో మాట వెతకండి: వైఫై మీదా, థ్రెడ్ (తక్కువ కరెంటుతో నడిచే వైర్‌లెస్ నెట్‌వర్క్) మీదా? వైఫై అయితే రూటర్ చాలు, పైన ఒక కంట్రోలర్ (హబ్) ఉంటే సరి. థ్రెడ్ అయితే అదనంగా దాన్ని ఇంటి నెట్‌వర్క్‌తో కలిపే థ్రెడ్ బోర్డర్ రూటర్ కావాలి. హోమ్‌పాడ్ మినీ, రెండో తరం నెస్ట్ హబ్ లాంటివి ఆ పని చేస్తాయి. ఒకే ఉత్పత్తి పేరుతో వచ్చే అన్ని మోడళ్లలోనూ అది ఉంటుందనుకోవద్దు. 2022 ఆపిల్ టీవీ 4కేలో 128 జీబీ మోడల్‌లో థ్రెడ్ ఉంది, 64 జీబీ మోడల్‌లో లేదు. బ్యాటరీతో నడిచే తలుపు సెన్సర్, కదలిక సెన్సర్ లాంటివాటికి థ్రెడ్ నయం, బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. ప్లగ్గులకు, బల్బులకు వైఫై కూడా ఫర్వాలేదు. కాకపోతే ముప్పై నలభై వైఫై బల్బులు ఒక మామూలు రూటర్ మీద పెడితే దాని పని అయిపోయినట్టే.

జతచేయడం చూడ్డానికి తేలిక. పరికరానికి పవర్ ఇచ్చి, యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి, లేదా 11 అంకెల కోడ్ కొట్టాలి. ఫోన్ బ్లూటూత్ ద్వారా పరికరానికి వైఫై వివరాలు అందిస్తుంది. అక్కడి నుంచి అది సొంతంగా నెట్‌వర్క్‌లో చేరుతుంది. ఇది విఫలమైతే వరుసగా ఇవి చూడండి:

1. ఫోన్ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉందా? గెస్ట్ నెట్‌వర్క్ పరికరాలను ఒకదానికొకటి కనబడనివ్వదు. మ్యాటర్‌కు అది గోడ.
2. రూటర్‌లో ఐపీవీ6 (నెట్‌వర్క్ చిరునామాల కొత్త పద్ధతి) పూర్తిగా ఆపేశారా? మ్యాటర్ నడిచేది ఐపీవీ6 మీదే. బయటి ఇంటర్నెట్‌కు ఐపీవీ6 లేకపోయినా ఫర్వాలేదు, ఇంటి లోపల మాత్రం ఉండాలి.
3. మల్టీకాస్ట్‌ను, అంటే చాలా పరికరాలకు ఒకేసారి వెళ్లే సందేశాలను, వడపోసే సెట్టింగ్ ఏదైనా ఉందా? పరికరాలు ఒకదాన్నొకటి ఎండీఎన్ఎస్ అనే పద్ధతితో వెతుక్కుంటాయి. దాన్ని అడ్డుకుంటే జతచేసిన రోజు బాగానే ఉండి, మర్నాటికి "స్పందించడం లేదు" అని వస్తుంది.
4. చాలా వైఫై పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. రూటర్‌లో ఆ బ్యాండ్ ఆపి ఉంటే అవి చేరవు.
5. పెట్టి చాలాసేపయిందా? జతకు తెరిచి ఉండే సమయం సాధారణంగా 15 నిమిషాలే. పవర్ తీసి మళ్లీ పెట్టండి.

కోడ్ ఉన్న స్టిక్కర్‌ను పరికరాన్ని గోడలో బిగించకముందే ఫోటో తీసి పెట్టుకోండి. స్విచ్ మాడ్యూల్ బోర్డు వెనక్కి వెళ్లిపోయాక ఆ 11 అంకెల కోసం స్క్రూలన్నీ విప్పాల్సి వస్తుంది.

రెండో యాప్‌లో చేర్చేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. మళ్లీ స్టిక్కర్ మీది కోడే కొడతారు. అది పనిచేయదు. మొదటి యాప్‌లోకి వెళ్లి, ఆ పరికరం సెట్టింగ్స్‌లో జతచేసే మోడ్ తెరిచి, అది ఇచ్చే కొత్త కోడ్‌ను రెండో యాప్‌లో కొట్టాలి. ఒక మ్యాటర్ పరికరం కనీసం 5 వ్యవస్థలతో ఒకేసారి జతకట్టగలగాలని ప్రమాణం చెబుతుంది. అందుకని ఇద్దరు ముగ్గురికి మూడు యాప్‌లు ఉన్నా ఇబ్బంది లేదు. ఇబ్బంది వేరే చోట వస్తుంది. ఒక యాప్‌లో "10 గంటలకు ఆర్పు" అని, ఇంకో యాప్‌లో "కదలిక ఉంటే వెలిగించు" అని రాసుకుంటే, ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెమంటుంది. నియంత్రణ ఎన్ని చోట్ల ఉన్నా ఫర్వాలేదు, నియమాలు మాత్రం ఒక్కచోటే ఉండాలి.

ఇక మ్యాటర్ ఇవ్వనివి. బల్బు వెలిగించడం, ఆర్పడం, రంగు, వెలుతురు మోతాదు అన్నీ వస్తాయి. కంపెనీ సొంత యాప్‌లో ఉన్న ప్రత్యేక ఎఫెక్టులు తరచుగా రావు. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కోసం చాలాసార్లు ఆ యాప్ ఉంచుకోక తప్పదు. ప్రమాణంలో కొత్తగా చేరిన పరికరం మీ యాప్‌లో వెంటనే కనిపిస్తుందన్న హామీ కూడా లేదు. ఫ్రిజ్, డిష్‌వాషర్, రోబో వాక్యూమ్ లాంటివి 2023లో 1.2లోనే చేరాయి. కరెంటు వాడకం చెప్పే సదుపాయం 2024లో 1.3తో వచ్చింది. కానీ ప్రమాణంలో ఉన్నదాన్ని యాప్ కూడా అమలు చేస్తేనే మీకు అందుతుంది. కొనేముందు "మ్యాటర్ ఉందా" అని కాదు, "ఈ పని నా యాప్‌లో మ్యాటర్ ద్వారా జరుగుతుందా" అని చూడాలి.

పాత జిగ్బీ బల్బులు పారేయక్కర్లేదు. ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జ్ లాంటి బ్రిడ్జ్ ఉంటే వాటిని మ్యాటర్ వైపు చూపిస్తుంది.

## క్లౌడ్ వర్క్‌ఫ్లో: యాప్‌లకు బంగారం, లైట్లకు కాదు

జాపియర్, మేక్, ఐఎఫ్‌టీటీటీ లాంటివి ఈ కోవలోవి. ఖాతా తెరిచి, ట్రిగ్గర్ (పనిని మొదలుపెట్టే సంఘటన) ఎంచుకుని, చేయాల్సిన పని ఎంచుకుంటే అయిపోతుంది. ఈమెయిల్, షీట్, క్యాలెండర్, చాట్ మధ్య పనులకు ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఇంటి పరికరాల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. సెన్సర్ కదలికను కంపెనీ సర్వర్‌కు చెబుతుంది. అది వర్క్‌ఫ్లో సర్వర్‌కు, అది మళ్లీ బల్బు కంపెనీ సర్వర్‌కు, అది మీ ఇంటికి. నడవాలో మీరు ముందుకెళ్లిపోయాక లైటు వెలుగుతుంది. పైగా చాలా ట్రిగ్గర్లు "ఏమైనా కొత్తగా ఉందా" అని కొంతసేపటికోసారి వెళ్లి చూసే రకం. జాపియర్ ఉచిత ప్లాన్‌లో ఆ విరామం 15 నిమిషాలు. వెబ్‌హుక్ (ఏదైనా జరగగానే తనంతట తానే కబురు పంపే దారి) ఉన్న సేవలకు మాత్రం ఈ ఆలస్యం ఉండదు.

లెక్క కూడా వేసుకోండి. కదలిక సెన్సర్ గంటకు 40 సార్లు స్పందిస్తే రోజుకు 960, నెలకు 28,800. జాపియర్ ప్రతి చర్యనూ ఒక టాస్క్‌గా లెక్కిస్తుంది. ఒక్కో స్పందనకు మూడు చర్యలు ఉంటే 86,400 టాస్కులు. ఎన్‌ఎయిట్‌ఎన్ క్లౌడ్ వర్క్‌ఫ్లో మొత్తం ఒకసారి నడిస్తే ఒకటిగా లెక్కిస్తుంది. అయినా 28,800 చిన్న సంఖ్య కాదు. గంటకు 40 సార్లు మోగేది ఇంటి బయటికి అసలు వెళ్లకూడదు. రోజుకు రెండుసార్లు మోగేది వెళ్లినా నష్టం లేదు.

## సొంత సర్వర్ మీద: ఎన్‌ఎయిట్‌ఎన్, నోడ్‌రెడ్

రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ పుట్టుకే వేరు. నోడ్‌రెడ్ 2013లో ఐబీఎంలో పుట్టింది. సెన్సర్లు, ఎంక్యూటీటీ (పరికరాల మధ్య తేలికపాటి సందేశ పద్ధతి) సందేశాలు, సెకనుకు పదిసార్లు వచ్చే సంకేతాలు దానికి అలవాటే. ఎన్‌ఎయిట్‌ఎన్ 2019లో వచ్చింది. వెబ్ సేవలు, డేటాబేస్‌లు, ఇప్పుడు ఏఐ మోడళ్లు దాని మైదానం. ఇంటి పనులే ఎక్కువైతే నోడ్‌రెడ్, యాప్‌ల మధ్య పనులు ఎక్కువైతే ఎన్‌ఎయిట్‌ఎన్ అన్నది మా సలహా. లైసెన్సులోనూ తేడా ఉంది. నోడ్‌రెడ్ పూర్తి ఓపెన్ సోర్స్. ఎన్‌ఎయిట్‌ఎన్ సోర్స్ అందరికీ కనిపిస్తుంది, సొంత అవసరాలకు ఉచితం, కానీ దాన్నే సేవగా అమ్ముకోవడానికి అనుమతి లేదు.

ముందే సరిచేసుకోవాల్సినవి:

- ఎన్‌ఎయిట్‌ఎన్‌లో టైమ్‌జోన్ మార్చకపోతే న్యూయార్క్ సమయమే ఉంటుంది. ఉదయం 6కి నడవాల్సింది ఎప్పుడో నడిచేది ఇందుకే.
- ఎన్‌ఎయిట్‌ఎన్‌లో వెబ్‌హుక్ నోడ్‌కు (నోడ్ అంటే వర్క్‌ఫ్లోలో ఒక అడుగు) రెండు చిరునామాలు ఉంటాయి, ఒకటి పరీక్షకు, ఒకటి అసలు వాడకానికి. పరీక్ష చిరునామాను బయటి సేవలో పెట్టి మరిచిపోతే పరీక్షకు వినే ఆ కొద్దిసేపు అయిపోయాక ఏదీ అందదు. వర్క్‌ఫ్లోను యాక్టివ్ (కొత్త వెర్షన్లలో పబ్లిష్) చేయడం కూడా మరవద్దు.
- ఎన్‌ఎయిట్‌ఎన్‌లో పాస్‌వర్డ్‌లను దాచే ఎన్‌క్రిప్షన్ కీని విడిగా బ్యాకప్ తీయండి. డేటాబేస్ ఉండి కీ లేకపోతే, సేవలన్నిటికీ లాగిన్ వివరాలు మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలి.
- నోడ్‌రెడ్ ఎడిటర్‌కు మొదట పాస్‌వర్డ్ ఉండదు. సెట్టింగ్స్ ఫైల్‌లో పెట్టుకోకుండా 1880 పోర్టును బయటికి తెరిస్తే, ఇంటి తాళం వీధిలో వేలాడదీసినట్టే.
- నోడ్‌రెడ్ గుర్తుంచుకునే విలువలు మామూలుగా మెమరీలోనే ఉంటాయి. రీస్టార్ట్ అయితే పోతాయి. ఫైల్‌లో దాచేలా మార్చుకోండి.
- రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిపితే ఎస్‌డీ కార్డుకు బదులు ఎస్ఎస్‌డీ వాడండి. నిరంతరం రాతలు పడే కార్డు ముందుగా చనిపోతుంది.

## రెండూ కావాల్సినప్పుడు

మధ్యలో ఒక అనువాదకుడు కావాలి. ఆ పాత్రకు సొంత కంప్యూటర్ మీద నడిచే స్మార్ట్ ఇంటి సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్ బాగా సరిపోతుంది. అది ఒకవైపు మ్యాటర్ కంట్రోలర్‌గా పరికరాలతో మాట్లాడుతుంది, ఇంకోవైపు ఏపీఐ, వెబ్‌హుక్, ఎంక్యూటీటీ ద్వారా వర్క్‌ఫ్లోతో మాట్లాడుతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న చిన్న కంప్యూటర్ మీద దాని సొంత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకుంటే మ్యాటర్ సర్వర్ తేలిగ్గా చేరుతుంది. డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను విడి డబ్బాల్లో నడిపే పద్ధతి) పెట్టేవాళ్లు మ్యాటర్ సర్వర్‌ను విడిగా నడపాలి. దానికి హోస్ట్ నెట్‌వర్క్, అంటే ఆ కంప్యూటర్ నెట్‌వర్క్‌నే నేరుగా, ఇవ్వాలి. లేకపోతే మల్టీకాస్ట్ లోపలికి రాక పరికరాలు కనబడవు.

వాషింగ్ మెషీన్ వాక్యాన్నే తీసుకుందాం. వాడకం చెప్పగల మ్యాటర్ ప్లగ్ కావాలి. 1.3కి ముందు వచ్చిన చాలా ప్లగ్గులు మ్యాటర్ ద్వారా వాట్లు చెప్పవు. నీళ్లు వేడిచేసే మెషీన్ అయితే ప్లగ్ మీద రాసిన ఆంపియర్ రేటింగ్ కూడా చూడాలి. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్ల ప్లగ్ మోయగలిగింది 2,300 వాట్లే.

నియమం ఇలా రాయాలి: వాడకం ముందు 50 వాట్లు దాటాలి, తర్వాత 5 వాట్ల కంటే తగ్గి వరుసగా 3 నిమిషాలు అలాగే ఉండాలి. అప్పుడే పని పూర్తయినట్టు. ఆ 3 నిమిషాలు పెట్టకపోతే, నానబెట్టడానికీ తిప్పడానికీ మధ్య మెషీన్ ఆగిన ప్రతిసారీ మెసేజ్ వస్తుంది. మీ మెషీన్ అంకెలు వేరుగా ఉండొచ్చు. రెండు ఉతుకుల గ్రాఫ్ చూసి సర్దుకోండి. ఈ లెక్కంతా హోమ్ అసిస్టెంట్‌లోనే జరగాలి. "అయిపోయింది" అన్న ఒక్క సంకేతమే వెబ్‌హుక్ ద్వారా ఎన్‌ఎయిట్‌ఎన్‌కు వెళ్లాలి. టెలిగ్రామ్, షీట్ పనులు అది చూసుకుంటుంది. వాట్ల అంకెలన్నిటినీ వర్క్‌ఫ్లోకి పంపి అక్కడ లెక్కించేవాళ్లూ ఉన్నారు. అది నడుస్తుంది, కానీ డేటాబేస్ ఊరికే ఉబ్బుతుంది.

వర్క్‌ఫ్లో నుంచి పరికరానికి ఆదేశం వెళ్లేటప్పుడు ఇంకో జాగ్రత్త. "మార్చు" (వెలిగి ఉంటే ఆర్పే, ఆరి ఉంటే వెలిగించే) అనే ఆదేశం ఎప్పుడూ వాడొద్దు. "వెలిగించు" లేదా "ఆర్పు" అని స్పష్టంగా పంపండి. నెట్‌వర్క్ తడబడి అదే ఆదేశం రెండోసారి వెళ్లినా "వెలిగించు" వల్ల నష్టం లేదు. "మార్చు" అయితే వెలిగి ఆరిపోతుంది. తాళం విషయంలో ఇది నవ్వులాట కాదు. తాళం తీసే పనిని వర్క్‌ఫ్లోకి అప్పగించకపోవడమే మంచిది. వేయడం, వేశారా లేదా చూడటం వరకు చాలు. పొగ అలారం కూడా అంతే. మోగడం దాని సొంత పని, మెసేజ్ మాత్రమే వర్క్‌ఫ్లోది.

## ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండి నాలుగైదు లైట్లు, రెండు ప్లగ్గులు చాలనుకునేవాళ్లకు వైఫై మ్యాటర్, ఫోన్‌కు సరిపోయే ఒక హబ్. ఇల్లు మారితే పీక్కుని తీసుకెళ్లొచ్చు. వర్క్‌ఫ్లో అక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే మ్యాటర్ స్విచ్ తీసుకోండి, మ్యాటర్ బల్బు కాదు. స్మార్ట్ బల్బు ఉన్న చోట గోడ స్విచ్ ఎవరైనా ఆర్పేస్తే పవర్ పోయి బల్బు నెట్‌వర్క్ నుంచి మాయమవుతుంది. స్విచ్చే స్మార్ట్ అయితే చేత్తో నొక్కినా పనిచేస్తుంది, యాప్‌తోనూ పనిచేస్తుంది. కాకపోతే చాలా స్విచ్ మాడ్యూళ్లకు న్యూట్రల్ వైరు కావాలి. కొనేముందు ఎలక్ట్రీషియన్‌తో బోర్డు తెరిపించి అది ఉందో లేదో చూపించుకోండి.

చిన్న ఆఫీసు, ఆన్‌లైన్ అమ్మకాలు, ఇన్‌వాయిస్‌లు ఉన్నవాళ్లు క్లౌడ్ వర్క్‌ఫ్లోతో మొదలుపెట్టండి. నెల వాడకం పెరిగి బిల్లు కనబడటం మొదలయ్యాక సొంత ఎన్‌ఎయిట్‌ఎన్ గురించి ఆలోచించొచ్చు. మొదటి రోజే సర్వర్ పెట్టుకుంటే దాన్ని చూసుకోవడమే ఇంకో ఉద్యోగం అవుతుంది.

ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు హోమ్ అసిస్టెంట్, నోడ్‌రెడ్ రెండూ నచ్చుతాయి. అయితే ఊరు వెళ్లినప్పుడు ఇంట్లో మిగిలినవాళ్లు లైటు వెలిగించుకోగలరా అన్నది వీళ్లే ముందు చూడాలి.

ఏది ఎంచుకున్నా వారం తర్వాత ఒక సెలవు రోజు ఈ పరీక్ష పెట్టండి. ముందు రూటర్‌కు వచ్చే ఇంటర్నెట్ కేబుల్ పీకి, పది నిమిషాలు ఇల్లు మామూలుగా వాడండి. ఏ లైటు వెలగలేదో రాసుకోండి. తర్వాత కేబుల్ పెట్టి, మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేయండి. ఎన్ని పరికరాలు వాటంతటవే తిరిగొచ్చాయి, ఏ బల్బులు పవర్ రాగానే పూర్తి వెలుతురుతో వెలిగాయి, సర్వర్ లేవడానికి ఎంతసేపు పట్టింది చూడండి. పడకగది బల్బుకు "పవర్ వచ్చాక ముందున్న స్థితికి వెళ్లు" అన్న సెట్టింగ్ ఉంటే అప్పుడే మార్చేయండి.